గంజాయి కేసుల్లో జైలుకెళ్లేది ఎవరు?

గంజాయి పట్టుబడిన వార్త వచ్చిన ప్రతిసారీ శిక్షలు ఇంకా పెంచాలనే మాట వినిపిస్తుంది. కఠిన శిక్షలు మనకు కొత్త కాదు. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం దేశంలోని అతి కఠినమైన చట్టాల్లో ఒకటి. నలభై ఏళ్ల తర్వాత రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ చట్టంతో మత్తు వాడకం అదుపులోకి వచ్చిందా? దీని కింద జైళ్లలో మగ్గుతున్నది ఎవరు?

తూకమే తీర్పు

ఈ చట్టంలో శిక్ష సరుకు బరువును బట్టి ఉంటుంది. గంజాయి కిలో వరకు 'స్వల్ప పరిమాణం'. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. దానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా.

సరుకు ఎవరిది, లాభం ఎవరికి అన్నది తూకంలో తేలదు. 22 కిలోల మూట మోసిన కూలీకీ, ఆ మూటకు పెట్టుబడి పెట్టిన వ్యాపారికీ కనీస శిక్ష ఒకటే. తేడా ఏమిటంటే, బస్సులో మూటతో దొరికేది కూలీ.

వాణిజ్య పరిమాణం కేసుల్లో సెక్షన్ 37 ప్రకారం, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టు భావిస్తేనే బెయిలు. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువుంది. ఇక సెక్షన్ 35, 54 నిరూపణ భారాన్ని చాలావరకు నిందితుడి మీదికే నెడతాయి. మంచి వకీలును పెట్టుకోలేనివాడికి కేసు నడిచే కాలమే శిక్ష అవుతుంది.

దేశంలోని ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే. అన్ని నేరాలూ కలిపి చూస్తే, 2011 జనాభా లెక్కల్లో 16.6 శాతంగా ఉన్న దళితులు ఖైదీల్లో సుమారు ఐదో వంతు ఉన్నారు. బెయిలు కష్టమైన చట్టం భారం ఎవరి మీద ఎక్కువ పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఏజెన్సీ చెప్పే పాఠం

చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాల్లో గంజాయి సాగుకు పెట్టుబడి, విత్తనం, కొనుగోలు చాలావరకు బయటివారివే. భూమి, చెమట ఆదివాసీలవి. 2021 అక్టోబరు చివరలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టి వేల ఎకరాల్లో పంటను నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు.

ఆ తర్వాత ఆంధ్ర వైపు సాగు బాగా తగ్గింది. కానీ సరుకు ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచి అదే ఘాట్ రోడ్ల మీదుగా వస్తూనే ఉంది. కొనేవాళ్లు ఉన్నంతకాలం పంట కొండ మారుతుంది, మోసే కూలీ మారతాడు, పెట్టుబడిదారు మారడు.

వాడేవారికి దక్కిందేమిటి?

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2020లో ఈ చట్టం కింద 59,806 కేసులు నమోదయ్యాయి. అందులో 33,246 సొంత వాడకానికి దగ్గర ఉంచుకున్నారన్నవే. అంటే సగానికి పైగా కేసులు వ్యాపారం మీద కాదు, వాడేవారి మీద.

2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం సుమారు 77 లక్షల మందికి నల్లమందు, హెరాయిన్ వంటి వాటి వల్ల, 72 లక్షల మందికి గంజాయి, చరస్, భంగు వల్ల వచ్చిన సమస్యలకు సాయం కావాలి. చట్టబద్ధంగా అమ్ముడవుతున్న మద్యం వల్ల సాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని ఆ సర్వే తేల్చింది.

చట్టంలో ఇంకో విడ్డూరముంది. గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలే. ఉత్త ఆకు దాని కిందికి రాదు. అందుకే పండగ నాడు భంగు తాగడం కొన్ని రాష్ట్రాల్లో సంప్రదాయం. బస్తీ కుర్రాడి జేబులోని గంజాయి పొట్లం మాత్రం నేరం. మొక్క ఒక్కటే.

నిషేధం ఎవరి మీద?

'మరి సారా నిషేధం కోరింది మన ఆడవాళ్లే కదా' అని అడగవచ్చు. నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన ఉద్యమంలో దళిత, బహుజన మహిళలే ముందున్నారు. వాళ్లు అడ్డుకున్నది సారా వేలంపాటలను, నిలదీసింది కాంట్రాక్టర్లను, ఆ ఆదాయం మీద బతికే ప్రభుత్వాన్ని. తాగిన మొగుణ్ని పదేళ్లు జైల్లో పెట్టమని వాళ్లు అడగలేదు.

2016లో బీహార్ దానికి భిన్నమైన దారి పట్టింది. తాగడాన్నే జైలు నేరం చేసింది. 2017లో జెహానాబాద్ కోర్టు ఆ చట్టం కింద వేసిన తొలి శిక్ష, ఐదేళ్ల జైలు, ఇద్దరు ముసహర్ అన్నదమ్ముల మీద పడింది. కోర్టులు కేసులతో నిండిపోయాక, 2022లో మొదటిసారి తాగి దొరికినవారిని జరిమానాతో వదిలేలా చట్టాన్ని సవరించారు.

శిక్ష తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తీసేసి, దొరికినవారిని చికిత్స వైపు నడిపే కమిషన్లు పెట్టింది. మందు ఇచ్చే వ్యవస్థనూ పెంచింది. ఆ తర్వాత సూదులతో మత్తు ఎక్కించుకునేవారిలో కొత్త హెచ్‌ఐవీ కేసులు బాగా తగ్గాయి. అమెరికాలోని ఒరెగాన్ 2021లో అదే దారి పట్టింది. కానీ చికిత్స సదుపాయాలు సమయానికి అందలేదు. వీధుల్లో వాడకంపై జనాగ్రహం పెరిగి, 2024లో మళ్లీ నేరంగా మార్చింది. చికిత్స లేకుండా శిక్ష ఒక్కటే ఎత్తేస్తే నిలవదు.

కార్యకర్తలు గుర్తుంచుకోవాల్సినవి

మన చట్టంలోనే కొన్ని తలుపులున్నాయి. స్వల్ప పరిమాణం కేసులో పట్టుబడిన బానిస స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు సిద్ధపడితే, సెక్షన్ 64ఎ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కోరవచ్చు. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయాలని కోరే హక్కు ఉందని చెప్పాలి. చెప్పారో లేదో కేసు కాగితాల్లో చూడండి. తూకంలో పూత కొనలతో పాటు విడి ఆకు, గింజలు కలిపారేమో అడగండి. ఈ చట్టం కింద అధికారాలున్న దర్యాప్తు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ అతిగా ఆలస్యమైతే సెక్షన్ 37 ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో చెప్పింది. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి.

మత్తుకు బానిసైన పిల్లాడి తల్లికి ఈ రోజు పోలీస్ స్టేషన్ ఎక్కడుందో తెలుసు. ఉచిత చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మత్తు విముక్తికి మంచాలు, డాక్టరు, మందులు ఉండాలన్నది మన మొదటి డిమాండ్ కావాలి. సొంత వాడకం కేసుల్లో జైలు ఎత్తేయాలన్నది దానితో పాటే నడవాలి.