వ్రేలిముద్రయు, వడ్డీ లెక్కయు

మన సహకార సంఘముల ఋణపత్రముల కట్టలు విప్పి చూచినచో, సంతకముండవలసిన తావులలో నేటికిని వ్రేలిముద్రలు కానవచ్చుచున్నవి. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నూటికి 67 మంది మాత్రమే. స్త్రీలలో 59 మంది. సంతకము నేర్చినవారందఱును చదువరులని యనుకొనరాదు. తన పేరెట్టి కాగితముపై గీయుచున్నాడో యెఱుగని సభ్యుడు వ్రేలిముద్ర వేయువానికంటె మెఱుగని మేము చెప్పజాలము.

రైతులకు లెక్క రాదనుట మాత్రము సరికాదు. నోటిలెక్కలో మనవారు దిట్టలు. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండునో, కూలికి ఎన్ని మానికలు కొలువవలెనో మన యింటి స్త్రీలు తడుముకొనక చెప్పగలరు. చిక్కంతయు కాగితముపై నున్న లెక్కతోడనే, అందును వడ్డీతోడనే వచ్చుచున్నది.

షావుకారు "రెండు రూపాయల వడ్డీ" యనును. సంఘమువారు "ఏడు శాతము" అందురు. ఏడుకంటె రెండు తక్కువ గదా యని మన రైతు షావుకారు గుమ్మము త్రొక్కును! కాని షావుకారు రెండు నూటికి నెలకు. సంఘము ఏడు నూటికి సంవత్సరమునకు. 50,000 రూపాయలు ఏడాది వాడుకొన్నచో షావుకారునకు చెల్లవలసిన వడ్డీ 12,000 రూపాయలు. అదే మొత్తము స్వల్పకాలిక పంట ఋణమైనచో 7 శాతము చొప్పున 3,500 రూపాయలు. గడువులోపల తీర్చినవారికి కేంద్ర ప్రభుత్వమిచ్చు 3 శాతము రాయితీ పోగా 2,000 రూపాయలు మాత్రమే. "నెలకు" అను నొక్క మాట తెలియకపోవుటచే పదివేలు పోవుచున్నవి.

కాటా దగ్గఱ సంగతియు నిట్టిదే. తరుగు పేర బస్తాకు రెండు కిలోలు కోసినచో 40 బస్తాలకు 80 కిలోలగును. 2025-26వ సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యపు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కావున పోయినది 1,895 రూపాయలు. చీటీ చదువగలవాడు అక్కడికక్కడనే యడుగగలడు.

వయోజనుల చదువునకు ప్రభుత్వము పాటుపడకపోలేదు. 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమమును, 1988లో జాతీయ సాక్షరతా మిషనును, 2009లో సాక్షర భారత్‌ను ఆరంభించిరి. సాక్షర భారత్ క్రింద గ్రామ కేంద్రములను నడపువారికి కొలదిపాటి గౌరవ వేతనముండెడిది. 2018 మార్చితో నా పథకము ముగిసినది. 2022-27 సంవత్సరములకు ఏర్పడిన "ఉల్లాస్" పథకమున పదునైదేండ్లు దాటిన నిరక్షరాస్యులకు చదువు, వ్రాత, లెక్క నేర్పుదురు. పరీక్షలో మూటికిని సమముగా ఏబదేసి మార్కులుంచిరి. లెక్కకు చదువుతో సమానమైన స్థానమిచ్చుట మాకు మిక్కిలి నచ్చినది. కాని ఐదు కోట్లమందికి చదువు చెప్పుటకు కేటాయించిన మొత్తము 1,037.90 కోట్ల రూపాయలు. అనగా తల కొక్కింటికి ఐదేండ్లకు సుమారు 207 రూపాయలు. చెప్పువారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. ఇంత స్వల్పముతో ప్రభుత్వ మొక్కటే యీ పని నెగ్గించునని తలచుట అత్యాశ. తక్కిన భారము గ్రామముపైననే, అందును సంఘముపైననే పడుచున్నది.

ఏమి చదివింపవలె నన్నదే అసలు ప్రశ్న. 1990 తరువాతి సంవత్సరములలో నెల్లూరు జిల్లాలో జరిగిన అక్షరాస్యతోద్యమమును మన పాఠకులలో పెద్దలు మఱచియుండరు. దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో సారాను గూర్చిన పాఠము చదివి, అది తమ యింటి కథయే యని గుర్తించి, ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము సారాను నిషేధించినది. ఆవు, ఇల్లు అని వల్లెవేయించినచో ఇది జరిగియుండెడిదా?

కావున సంఘములవారికి మా సూచన యిది. గోదాము వరండా, ఒక దీపము, ఇంటరు చదువుచున్న సభ్యుల పిల్లలిద్దరు చాలును. స్త్రీలకు భోజనములైన తరువాతనే తీరిక గనుక వేళ వారినే యడిగి నిర్ణయింపుడు. మండలమందలి పాఠశాల ఉపాధ్యాయుల ద్వారా పేర్లు ఉల్లాస్‌లో నమోదు చేయింపవచ్చును. సర్కారు వాచకముతోపాటు ప్రతివాడును తన పాసుపుస్తకమును, కాటా చీటీని, ఎరువుల రసీదును వెంట తెచ్చుకొనవలెను. రబీ కోతలు ముగిసి తొలకరి పడువఱకు దొరకు రెండు నెలలలో అంకెలు గుర్తించుట, తేదీ చదువుట, తన ఖాతాలో అసలేదో వడ్డీయేదో వ్రేలు పెట్టి చూపుట వచ్చినచో, జూనులో క్రొత్త ఋణమునకు వచ్చినపుడు కార్యదర్శిని ప్రశ్న లడుగుదురు. కార్యదర్శులు కొంత విసుగుకొందురేమో. మా కభ్యంతరము లేదు.