ఎలుకకు మేలు చేసిన విటమిన్ మనిషికీ చేస్తుందా?

చలి, గాయం, అతిశ్రమ వంటి వేర్వేరు బాధలకు శరీరం చాలావరకు ఒకే తీరున స్పందిస్తుందని 1936లో హాన్స్ సెల్యే ఎలుకలపై చేసిన ప్రయోగాలతో చూపిన తరువాత, ఒత్తిడి అనేది ప్రయోగశాలలో కొలవదగిన విషయంగా మారింది. ఆ ఒత్తిడికి లోనయ్యే అవయవాల్లో కాలేయం ఒకటి.

ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా ఎలుకను వెనక్కి తిరగడానికి వీలులేని సన్నని గొట్టంలో కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు ఒత్తిడి హార్మోన్లు పెరిగి, కాలేయానికి రక్తప్రసారం తగ్గి, జత లేని ఎలక్ట్రాన్‌తో పక్క అణువులను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ కణాల్లో పోగవుతాయి. నిల్వ నూనెకు కంపు పట్టినట్టే కణపొరల్లోని కొవ్వు వీటివల్ల చెడిపోతుంది. పొర దెబ్బతిన్న కణాల నుంచి కొన్ని ఎంజైములు రక్తంలోకి కారతాయి. రక్తపరీక్ష కాగితంపై ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అని కనిపించేవి ఆ ఎంజైములే.

కొవ్వులో కరిగే విటమిన్ ఇ కణపొరలోనే ఉండి, కొవ్వు ఇలా చెడిపోయే గొలుసు చర్యను తెంచుతుంది. ఆ పనిలో తాను శక్తి కోల్పోయినప్పుడు, నీటిలో కరిగే విటమిన్ సి దానిని మళ్లీ పూర్వస్థితికి తెస్తుంది. అందుకే ముందుగా ఈ విటమిన్లు ఇచ్చిన జంతువుల్లో కాలేయ నష్టం తక్కువగా కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

అయితే ఎలుక తనకు కావలసిన విటమిన్ సిని తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. మనిషికి, గినీపందికి ఆ శక్తి లేదు. కాబట్టి ఎలుకకు సరిపోయిన మోతాదును మనిషికి లెక్కకట్టడం కుదరదు. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాల ఎలుకలను పెంచుతూనే, మనుషుల అవసరాలను వేరుగా నిర్ణయిస్తుంది: 2020 సిఫారసుల ప్రకారం రోజుకు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. ఒక మోస్తరు జామకాయతోనే అది తీరుతుంది.

మనుషుల్లో రుజువు పరిమితమే. మధుమేహం లేని కొవ్వుకాలేయ వ్యాధిగ్రస్తుల్లో ఎక్కువ మోతాదు విటమిన్ ఇ కొంత మేలు చేసిందని 2010లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది, కానీ అది వైద్యుల పర్యవేక్షణలో జరిగిన చికిత్స. మోతాదు మించిన విటమిన్ ఎ అయితే కాలేయాన్నే దెబ్బతీస్తుంది.

కరవు తప్పని ఆలూరు వంటి మెట్ట ప్రాంతంలో, పని వెతుక్కుంటూ సుగ్గికి వలసపోయే కూలీకి ఎండ, ఆకలి, అలుపు అనే ఒత్తిళ్లు ఒక్కసారిగా మీదపడతాయి. అతని పల్లెలో పండే శెనక్కాయలో విటమిన్ ఇ దండిగా ఉంది. అదే కాయ తడి ఆరకుండా నిల్వచేస్తే బూజు పట్టి, కాలేయానికి విషమైన అఫ్లాటాక్సిన్‌ను పుట్టిస్తుంది. కాయను బాగా ఎండబెట్టుకుని, బూజు పట్టిన గింజలను ఏరి పారేయడం, దుకాణంలో కొన్న విటమిన్ మాత్రకన్నా కాలేయానికి నమ్మదగిన రక్షణ.