మింగాక తెలిసే సోవావే

ఇటలీలో వెరోనా నుంచి విచెన్జా వైపు రోడ్డు మీద వెళ్తుంటే ఎడమ చేతి పక్కన కొండ మీద పాత కోట ఒకటి కనిపిస్తుంది. దాని గోడలు వాలు వెంబడి దిగి కింద ఊరిని చుట్టుకుని ఉంటాయి. ఆ ఊరు సోవావే. అక్కడి వైట్ వైన్‌కూ అదే పేరు. వైట్ వైన్ అంటే చల్లగా, పుల్లగా ఉంటే చాలనుకునేవాళ్లు చాలామంది. ఈ వైన్ అసలు గుణం మాత్రం మింగాకే బయటపడుతుంది. దాన్ని పట్టుకున్నవాళ్లకు పక్కన ఏం తినాలో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ప్రధానమైన ద్రాక్ష గర్గానెగ. నిబంధనల ప్రకారం కనీసం 70 శాతం అదే ఉండాలి. ఆలస్యంగా పండే రకం, పందిళ్ల మీద పాకిస్తారు, వదిలేస్తే విరగకాస్తుంది. ఆ విరగకాపే దాని కొంప ముంచింది. సోవావే, మోంతెఫోర్తె దాల్పోనె ఊళ్ల కొండలను 1931లోనే అసలైన ప్రాంతంగా గుర్తించారు. 1968లో డీఓసీ హోదా, అంటే వైన్ పుట్టిన చోటుకు అధికారిక గుర్తింపు, ఇచ్చినప్పుడు కింది మైదానాలనూ అందులో కలిపారు. అక్కడి సారవంతమైన నేలల్లో కాపు పెరిగింది, వైన్ పల్చబడింది, సోవావే అంటే చవక సరుకన్న ముద్ర పడింది. రాళ్ల నేలలో తక్కువ కాపుతో సరిపెట్టుకున్న కొండ రైతులకు అది పెద్ద అన్యాయమే. పియెరోపాన్ కుటుంబం 1971లో కల్వరీనో అనే ఒక్క తోట పండ్లతోనే వైన్ చేసి, ఆ తోట పేరు మీదే అమ్మి, ఈ ద్రాక్ష సత్తా ఏమిటో చూపించింది. కొనేటప్పుడు లేబుల్ మీద ‘క్లాసికో’ అన్న మాట చూసుకోండి. అది పాత కొండ ప్రాంతపు పంట అని అర్థం.

సీసాను ఫ్రిజ్‌లోంచి తీయగానే పోయకండి. మరీ చల్లగా ఉంటే వాసన రాదు. ఓ పావుగంట బయట ఉంచి, 10 డిగ్రీల దగ్గరికి వచ్చాక గ్లాసులో మూడో వంతు పోయండి. తెల్ల కాగితం మీదికి వంచి చూస్తే లేత గడ్డి రంగు కనిపిస్తుంది. బంగారు ఛాయ తిరిగిందంటే వయసు మీదపడి ఉండాలి, లేదా చెక్క పీపాలో ఉండి వచ్చి ఉండాలి. ముందు గ్లాసు కదపకుండా, తర్వాత తిప్పి, రెండుసార్లు వాసన చూడండి. తెల్ల పూలు, పియర్ పండు, నిమ్మ తొక్క తగలవచ్చు. పేర్లు తట్టకపోయినా ఫర్వాలేదు, మొదటి వాసనకూ రెండోదానికీ తేడా తెలిస్తే చాలు.

ఇక చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనివ్వండి. దవడల దగ్గర నీళ్లూరితే అది పులుపు పని. నాలుక మీద నీళ్లలా జారిపోతోందా, కాస్త చిక్కగా ఆనుతోందా గమనించండి. మింగాక వెంటనే రెండో గుక్కకు పోకుండా ఆగండి. గొంతు దగ్గర సన్నటి చేదు లేస్తుంది, పొట్టు తీయని బాదంపప్పు నమిలినప్పటి చేదు. అది లోపం కాదు, గర్గానెగ గుర్తే అది. ఆ చేదుతో పాటు పండు రుచి కూడా కాసేపు నిలిచిందంటే మంచి సీసా దొరికినట్టే.

భోజనంలో అక్కరకొచ్చేవి ఆ పులుపూ ఆ చేదే. విచెన్జాలో ‘బకలా’ అనే వంటకం ఉంది. ఎండు చేపను రోజుల తరబడి నానబెట్టి, ఉల్లిపాయలు, పాలు, బోలెడంత ఆలివ్ నూనెతో సన్న సెగ మీద గంటలకొద్దీ ఉడికించి, మొక్కజొన్న పిండితో చేసిన పోలెంతాతో తింటారు. నాలుగు ముద్దలకే నోరు జిడ్డు కడుతుంది. ఒక గుక్క సోవావేతో పులుపు ఆ జిడ్డును విరిచేస్తుంది, చేదు మరో ముద్ద అడుగుతుంది. అదే రెడ్ వైన్ తాగితే అందులోని ఇనుము చేప నీచును పైకి లేపుతుంది. బకలాకు పీపాలో మగ్గిన చిక్కటి సోవావే అయితే నాకు ఇంకా ఇష్టం. వెనిస్ వాళ్లు పచ్చిబఠానీలతో జారుగా వండే అన్నానికి మాత్రం లేతది, ఆ ఏటిదే కావాలి. చిక్కటిదైతే బఠానీల తీపిని మింగేస్తుంది.

మన చేపల పులుసుతో దీన్ని తాగమని నేను చెప్పను. చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది, మిరప మంటను ఆల్కహాల్ ఇంకా ఎగదోస్తుంది, బాదం చేదు జాడే తెలియదు. ఉప్పు, వెల్లుల్లి, మిరియాల పొడి పట్టించి పెనం మీద కాల్చిన వంజరం ముక్కతో తాగి చూడండి. దాని మీద నిమ్మకాయ పిండకండి, ఆ పని వైన్ చూసుకుంటుంది.