దమ్ముకు బలం తోడు

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో ఏటా ఫిబ్రవరిలో కోస్ట్ టు కోస్ట్ అనే పందెం జరుగుతుంది. పడమట కుమారా బీచ్‌లో టాస్మన్ సముద్రపు ఒడ్డున మొదలై, దక్షిణ ఆల్ప్స్ కొండలు దాటి, తూర్పున క్రైస్ట్‌చర్చ్‌లో పసిఫిక్ ఒడ్డున ముగుస్తుంది. మొత్తం 243 కిలోమీటర్లు. మొదట రెండు కిలోమీటర్ల పైచిలుకు పరుగు, తర్వాత 55 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 30 కిలోమీటర్ల కొండ పరుగు, మళ్లీ 15 కిలోమీటర్ల సైకిలు, వైమకరిరి నదిలో 70 కిలోమీటర్ల కయాక్, ఆఖర్న ఇంకో 70 కిలోమీటర్ల సైకిలు. రాబిన్ జుడ్కిన్స్ 1983లో దీన్ని మొదలుపెట్టినప్పుడు రెండు రోజుల పందెం. 1987లో ఒక్కరోజులోనే ముగించే విభాగం చేరింది. అందులో గెలిచేవాళ్లకు ఇంచుమించు 11 గంటలు పడుతుంది. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ వారానికి పది గంటల సాధన దొరికితే అదే పదివేలనుకునేవాళ్లు అంతకు ఎన్నో గంటల తర్వాత చేరతారు.

ఇలాంటి పందేనికి తయారయ్యేవాళ్లను పట్టి పీడించే సందేహం ఒకటుంది. దొరికిన కాస్త సమయంలో జిమ్‌కు ఎంత, రోడ్డుకు ఎంత? బరువులెత్తితే కండ పెరిగి పరుగు మందగిస్తుందేమోనన్న భయం ఒకవైపు. ఉత్త పరుగు, సైకిలుతో సరిపెట్టుకుంటే నదిలో రెక్కలు పడిపోతాయేమోనన్న దిగులు ఇంకోవైపు. దిగులు నిజమైనదే. భయాన్నే మనం భూతద్దంలో పెట్టి చూస్తున్నాం.

రెండు సాధనలకూ పొసగదన్న మాటకు మూలం 1980లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఉంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్‌కు స్వయంగా బరువులెత్తే అలవాటుండేది. తన పై శాస్త్రవేత్తతో కలిసి రోజూ పరుగెత్తడం మొదలుపెట్టాక కండ తగ్గుతున్నట్టు అనిపించి, సంగతేమిటో తేల్చడానికి పూనుకున్నాడు. మూడు జట్లను తీసుకుని పది వారాలు సాధన చేయించాడు. మొదటి జట్టు వారానికి ఐదు రోజులు బరువులెత్తింది. రెండోది ఆరు రోజులు పరుగు, సైకిలు చేసింది. మూడోది ఆ రెండు జట్ల పనీ తానే చేసింది. బరువులకే పరిమితమైనవాళ్ల బలం చివరిదాకా పెరుగుతూ పోయింది. రెండూ చేసినవాళ్ల బలం ఏడో వారం దాకా బాగానే పెరిగి, అక్కడ నిలిచిపోయి, చివరి రెండు వారాల్లో తగ్గుముఖం పట్టింది.

ఇంతవరకే చదివి చాలామంది బరువులు మానేశారు. అసలు చూడవలసింది అదే ప్రయోగంలోని మరో ఫలితాన్ని. మూడో జట్టు దమ్ము ఏమీ తగ్గలేదు, రెండో జట్టుతో సమానంగానే పెరిగింది. దెబ్బతిన్నది బలం. పైగా వారానికి పదకొండు విడతల కఠిన సాధన ఏ ఉద్యోగస్థుడూ చేయడు. కాబట్టి ఈ ప్రయోగం చూసి జాగ్రత్తపడాల్సింది బాడీబిల్డరు, పవర్‌లిఫ్టరు. కొండ దాటి పడవెక్కేవాడు కాదు.

కారణం కూడా కొంత తెలుసు. కండరం పెరగాలంటే కణం లోపల ఎంటార్ అనే ప్రొటీన్ పని మొదలుపెట్టాలి. గంటల తరబడి శ్రమించి ఇంధనం తగ్గినప్పుడు ఏఎంపీకే అనే మరో ప్రొటీన్ మేలుకుని, ఖర్చు తగ్గించడం కోసం ఎంటార్‌ను అణచివేస్తుంది. ప్రయోగశాలలో తేటగా కనిపించే ఈ తగువు మనుషుల్లో అంత సూటిగా ఉండదు. నిద్ర, తిండి, రెండు సాధనల మధ్య ఎడం, అన్నీ అందులో వేలుపెడతాయి. సైకిలు కంటే పరుగే బలానికి ఎక్కువ అడ్డుపడుతుందని పరిశోధనలు కలిపి చూసినవాళ్లలో కొందరు చెప్పారు. పరుగులో ప్రతి అడుగూ నేలకు గుద్దుకుని కండరాన్ని నలగ్గొట్టడం అందుకు ఒక కారణం కావచ్చు.

హిక్సనే 1988లో రెండోవైపు నుంచి చూశాడు. అప్పటికే బాగా పరుగెత్తే, సైకిలు తొక్కేవాళ్లకు పది వారాల పాటు కాళ్లకు బరువుల సాధన అదనంగా ఇచ్చాడు. వాళ్ల శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ మోతాదు పెరగలేదు. అయినా ఒకే తీవ్రతతో అలసిపోయేదాకా సైకిలు తొక్కగలిగిన సమయం 71 నిమిషాల నుంచి 85 నిమిషాలకు పెరిగింది. ఊపిరితిత్తులు, గుండె మారకుండానే పద్నాలుగు నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయి?

యాభై కిలోల బస్తాను అరవై కిలోలు ఎత్తగలిగినవాడూ మోస్తాడు, వంద కిలోలు ఎత్తగలిగినవాడూ మోస్తాడు. మొదటివాడికి అది ఒంట్లో ఉన్న సత్తువలో చాలా భాగం, రెండోవాడికి సగం. పెడల్ మీద పడే ప్రతి తొక్కుడూ ఇలాంటి బస్తాయే. కండరంలో నిదానంగా అలసే పోగులు కొన్ని, ఠక్కున బలం చూపి ఠక్కున చతికిలబడే పోగులు కొన్ని ఉంటాయి. గరిష్ఠ బలం పెరిగితే అదే తొక్కుడుకు రెండోరకం పోగుల్ని పిలవాల్సిన ఘడియ వెనక్కి జరుగుతుంది. మూడు గంటలు తొక్కాక కూడా చివర్లో వేగం పెంచే ఓపిక మిగులుతుంది. నార్వేలో సైకిలు పోటీదారుల మీద జరిగిన ప్రయోగాల్లో ఇదే తేలింది. కండ పెరిగి బరువెక్కుతామన్న భయమూ అంతంతమాత్రమే. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో చాలా భాగం నరాలు కండరాన్ని ఇంకా బాగా పనిచేయించడం వల్ల వస్తుంది, కండ లావెక్కడం వల్ల కాదు.

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. దమ్ము కావాలి కదా అని చిన్న బరువులు పట్టుకుని యాభైసార్లు, వందసార్లు ఎత్తుతుంటారు. మన పాత తాలింఖానాల్లో వందల కొద్దీ బస్కీలు తీయడం లాంటిదే ఇది. ఆ రకం ఓర్పు వారాంతంలో నాలుగు గంటలు సైకిలు తొక్కితే ఎలాగూ వస్తుంది. రోడ్డు మీద రానిదాని కోసం జిమ్‌కు వెళ్లాలి. అంటే బరువు ఎక్కువ, లెక్క తక్కువ. నాలుగు నుంచి పదిసార్లు ఎత్తేసరికి ఇక చాలనిపించే బరువుతో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒంటికాలితో ఎత్తైన మెట్టెక్కడం, చేతులతో బార్ పట్టుకుని ఒంటిని పైకి లాగడం. నాలుగైదు వ్యాయామాలు, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామం, ముప్పావు గంటలో బయటపడాలి. చెమట పెద్దగా పట్టదు. పని జరగలేదేమోనని అనుమానం కూడా వస్తుంది. కొత్తవాళ్లు మాత్రం భంగిమ కుదిరేదాకా తేలిక బరువులతో, నేర్పేవాళ్ల కళ్లెదుట చేయాలి.

ఏ వ్యాయామం ఎందుకన్నది దారే చెబుతుంది. కోస్ట్ టు కోస్ట్ కొండ పరుగులో డిసెప్షన్ నదీలోయ వెంట పైకి వెళ్లాలి. చాలాచోట్ల బాట ఉండదు, ఉన్నది బండరాళ్లు. మోకాలెత్తు రాయి మీద కాలు మోపి, ఆ ఒక్క కాలి మీదే ఒళ్లంతా పైకి లేపి, తడిసిన బూటుతో తర్వాతి రాయి మీద నిలదొక్కుకోవాలి. మధ్యమధ్య చల్లటి నీళ్లలో నదిని ఎన్నోసార్లు దాటాలి. అలా వెయ్యి మీటర్లకు పైన ఉన్న గోట్ పాస్ చేరాక మింగా నది వెంట దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకు వేస్తుంది. పందెం మర్నాడు మెట్లు దిగనివ్వని నొప్పికి ముఖ్యకారణం ఎక్కడం కాదు, ఇలా దిగడమే. దీనికి మందు కూడా దిగడమే. ఒకసారి గట్టిగా దిగి నొప్పి పడితే, మళ్లీ అలాంటి దిగుడుకు కొన్ని వారాలపాటు కండరం అంతగా దెబ్బతినదు. అందుకని పందేనికి మూడు నాలుగు వారాల ముందు ఒక పెద్ద దిగుడు చేసి ఉంచుకోవడం మంచిది.

కయాక్‌ది వేరే కథ. తెడ్డు చేతులతో వేస్తాం కాబట్టి చేతులు పెంచుకుంటే చాలనుకుంటారు. నేర్చినవాణ్ని పక్కనుంచి చూడండి. తెడ్డు ఆకు కాలివేళ్ల దగ్గర నీళ్లలో మునుగుతుంది. అదే వైపు పాదం ముందున్న పట్టీని తన్నుతుంది, నడుము తిరుగుతుంది, వీపు లాగుతుంది. చెయ్యి దాదాపు చాచినట్టే ఉంటుంది. తెడ్డు తుంటి పక్కకు రాగానే బయటికొస్తుంది. చేతులతోనే లాగేవాడు గంటలో అలసిపోతాడు, వైమకరిరిలోనేమో నాలుగైదు గంటలు కూర్చోవాలి. కనుక వీపు, నడుముల బలం జిమ్‌లో తెచ్చుకోవచ్చు గానీ, దాన్ని తెడ్డు దాకా చేర్చడం నీళ్లలోనే నేర్చుకోవాలి. నదీజలాల్లో పడవ నడపగలడన్న ధ్రువపత్రం లేనిదే నిర్వాహకులు పందెంలోకి రానివ్వరు కూడా. నా మటుకు, కొత్తవాడికి జిమ్, పడవల్లో ఒకటే కుదిరిన వారం పడవకే ఓటు వేస్తాను.

ఇక ఏడాదిలో వేళ సంగతి. పందెం ఫిబ్రవరిలో కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలు బలానికి అనువైనవి. అప్పుడు వారానికి రెండుసార్లు జిమ్. నవంబరు నుంచి దూరాలు పెరుగుతాయి, వారానికి ఒక్కసారి చాలు. పెరిగిన బలాన్ని నిలుపుకోవడానికి, పెంచడానికి పడినంత శ్రమ అక్కర్లేదు. వారంలో ఎక్కడ ఇరికించాలన్నదానికి నాకు నచ్చిన పద్ధతి ఇది: కష్టమైన రోజునే ఇంకా కష్టం చేసి, తేలిక రోజును నిజంగా తేలికగా వదలడం. మంగళవారం పొద్దున వేగపు పరుగు ఉంటే, కనీసం ఆరు గంటలు ఎడమిచ్చి సాయంత్రం బరువులు. బుధవారం ఒంటికి విశ్రాంతిగా తేలిక సైకిలు. శుక్రవారం బరువులెత్తి శనివారం కొండెక్కడం మాత్రం వద్దు.

బలం పెరగడం లేదని వాపోయేవాళ్లలో చాలామందికి అడ్డు ఏఎంపీకే కాదు, కంచం. రెండు రకాల సాధన చేసేవాళ్లు ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ తీసుకోవాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. అన్నం పెద్దగా పెట్టుకుని పప్పు ఒక గరిటె వేసుకునే మన అలవాటుతో ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాం. పప్పు, పెరుగు, గుడ్లు, చేప కంచంలో ముందుకు రావాలి. అన్నం తగ్గించనక్కర్లేదు, పొడుగు సాధనకు అదే ఇంధనం.

పందెం పది రోజుల్లో ఉందనగా బరువులు పక్కన పెట్టేయొచ్చు. నెలల తరబడి తెచ్చుకున్న బలం పది రోజుల్లో పోదు. ఆ రోజుల్లో తెచ్చిపెట్టుకున్న తొడనొప్పి మాత్రం గోట్ పాస్ దాకా వెంట వస్తుంది.