దారిలో దొరికిన సొమ్ము ఎవరిది?

బెంగళూరు నుంచి హైదరాబాదుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక దాటి ఆంధ్రలోకి అడుగుపెట్టే ముందు వచ్చే చివరి తాలూకా కేంద్రం బాగేపల్లి. ఒకవైపు చిక్కబళ్లాపురం, చింతామణి, ఇంకోవైపు హిందూపురం, కదిరి, అనంతపురం. చింతామణి మండీలో టమోటా అమ్ముకున్న రైతు, శిడ్లఘట్టలో పట్టుగూళ్లు అమ్ముకున్న రైతు, సంఘం కంతు కట్టడానికి బయలుదేరిన ఇల్లాలు, బెంగళూరులో కూలి తీసుకుని ఊరికి వస్తున్న మేస్త్రీ, అందరూ ఈ దారి మీదే తిరుగుతారు. ఫోన్లో చెల్లింపులు ఎంత పెరిగినా వీళ్లలో చాలామంది దగ్గర ఇంకా నోట్లే ఉంటాయి. బస్సు సీటు కిందో, టీ అంగడి బల్ల మీదో దొరికే పర్సు ఇలాంటివాళ్లదే అయ్యే అవకాశం ఎక్కువ.

అలా దొరికిన డబ్బును ఏం చేయాలన్న ప్రశ్నకు మన ఊళ్లలో మూడు జవాబులు వినిపిస్తాయి. దేవుడిచ్చాడు, ఉంచుకో అంటారు కొందరు. మనకొద్దు, హుండీలో వేసేయ్ అంటారు ఇంకొందరు. పోగొట్టుకున్నవాళ్లను వెతికి ఇచ్చేయ్ అనేది మూడో మాట. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

దానికి ముందు చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 403వ సెక్షనులో ఉన్న నియమమే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షనుగా ఉంది. ఈ కొత్త చట్టం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దొరికిన వస్తువును కాపాడటానికో, యజమానికి ఇవ్వడానికో తీసుకుంటే తప్పు లేదు. యజమాని ఎవరో తెలిసి, లేదా తెలుసుకునే వీలుండి సొంతానికి వాడుకుంటే నేరం. యజమానిని కనుక్కునే ప్రయత్నం చేయకుండా, ఆయన వచ్చి అడగడానికి తగినంత కాలం ఆగకుండా వాడుకున్నా నేరమే. పాత చట్టంలో గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉండేవి. కొత్త చట్టం ఆరు నెలలకు తక్కువ కాకుండా రెండేళ్ల వరకు జైలు, దానికి తోడు జరిమానా అంటోంది.

చట్టం రాసినవాళ్లు సామాన్యుడికి అర్థమయ్యేలా ఉదాహరణలు కూడా ఇచ్చారు. రోడ్డు మీద ఎవరిదో తెలియని ఒక రూపాయి దొరికి తీసుకుంటే నేరం కాదు. ఉత్తరంలో నోటు దొరికి, ఆ ఉత్తరం చదివితే ఎవరిదో తెలుస్తున్నా ఉంచుకుంటే నేరం. ఒకరి పర్సు జారిపడటం కళ్లారా చూసి, ఇచ్చేద్దామనే తీసుకుని, తర్వాత మనసు మార్చుకున్నా నేరమే. విలువైన ఉంగరం దొరికిన వెంటనే, ఎవరిదని విచారించకుండా అమ్మేసినా అంతే.

ఈ ఉదాహరణలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: యజమానిని చేరుకునే ఆనవాలు ఉందా? విడి నోటుకు ఆనవాలు లేదు. పర్సుకు ఉంది. అందులో ఆధార్ ఉండవచ్చు, రేషన్ కార్డు ఉండవచ్చు, ఏ బస్సులో ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చెప్పే టికెట్టు ఉండవచ్చు. రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట దొరికిన చోటు కూడా ఆనవాలే, ఎందుకంటే పోగొట్టుకున్న మనిషి వెతుక్కుంటూ అక్కడికే వస్తాడు. ఆనవాళ్లు ఎన్ని ఉంటే దొరికినవాడి బాధ్యత అంత పెద్దది.

ఈ ఆలోచన ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టింది కాదు. యాజ్ఞవల్క్య స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో, నేటి కర్ణాటకలోని కల్యాణంలో, విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగులోకి తెచ్చాడు. పోయిన సొత్తు దొరికితే రాజు దాన్ని యజమానికి ఇవ్వాలని ఆ స్మృతి చెబుతుంది. నాదే అని వచ్చినవాడు ఆనవాళ్లు చెప్పి నిరూపించలేకపోతే, ఆ సొత్తుకు సమానమైన దండుగ కట్టాలి. సుంకం వసూలు చేసేవాళ్లో, కావలివాళ్లో తెచ్చి అప్పగించిన సొత్తును ఏడాదిలోగా యజమాని వచ్చి తీసుకోవచ్చు. సుంకపు గేట్ల దగ్గర వస్తువులు పోవడం, దొరకడం అంత పాత సంగతి.

ఇక హుండీ మాట. ఇది మంచి మనసుతో చేసే పనే. పరాయి సొమ్ము ఇంట్లో ఉంటే అరిష్టమన్న భయం, నేను తినలేదన్న తృప్తి, రెండూ అందులో ఉన్నాయి. అయినా ఆ పర్సు సంఘం కంతు కట్టడానికి బయలుదేరిన ఇల్లాలిదైతే, గడిదం వెంకటరమణస్వామి గుడి హుండీలో వేసిన ఆమె వెయ్యి రూపాయలు ఆమెకు తిరిగి చేరవు. దానం చేయాలంటే ఆ సొమ్ము మనదై ఉండాలి. ఆమె అనుమతి లేకుండా ఆమె డబ్బుతో మనం పుణ్యం కట్టుకోలేం. అన్ని విధాలా విచారించి, చాలినంత కాలం ఆగి, ఎవరూ రాకపోతే, అప్పుడు చిన్న మొత్తాన్ని హుండీలో వేయడమో, ఆకలిగొన్నవాడికి పెట్టడమో సబబు. విచారణకు బదులుగా హుండీ పనికిరాదు.

దేవుడిచ్చాడు అనేవాళ్లను కూడా తేలిగ్గా తీసిపారేయకూడదు. వాళ్లలో చాలామందిని ఆ మాట అనిపించేది పేదరికం. అందుకే దొరికినవాడి హక్కుల గురించీ చెప్పుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను ప్రకారం, వస్తువు దొరికి తన దగ్గర ఉంచుకున్నవాడు దాన్ని సొంత వస్తువులాగే జాగ్రత్తగా కాపాడాలి. 168వ సెక్షను ప్రకారం, యజమానిని వెతకడానికి, వస్తువును కాపాడటానికి పడ్డ శ్రమకూ అయిన ఖర్చుకూ పరిహారం అందేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. యజమాని ముందే బహుమానం ప్రకటించి ఉంటే దానికోసం దావా కూడా వేయవచ్చు. దొరికినవాడి హక్కును చెప్పే పాత తీర్పు కూడా ఒకటుంది. 1722లో లండన్‌లో పొగగొట్టాలు తుడిచే ఒక కుర్రాడికి నగ దొరికింది. విలువ కట్టమని కంసాలి అంగడికి తీసుకుపోతే, అక్కడి పనివాడు రాళ్లు తీసేసుకున్నాడు. అసలు యజమాని తప్ప ఇంకెవరూ ఆ కుర్రాడికంటే పెద్ద హక్కుదారు కారని కోర్టు తీర్పు చెప్పింది. కూలివాడికి దొరికిన సంచిని అంగడి యజమానో, ఊరి పెద్దో దబాయించి లాక్కోవడం కూడా అన్యాయమేనని ఈ తీర్పు మనకు గుర్తుచేస్తుంది.

పోలీసు స్టేషనుకు పోతే మనల్నే అనుమానిస్తారన్న భయం చాలామందికి ఉంది. ఎన్నికల వేళ సరిహద్దు తనిఖీల్లో, కాగితాలు లేకుండా 50,000 రూపాయలకు మించిన నగదు పట్టుకోవడం చూసిన ఊరు కదా ఇది. ఆ భయానికి మందు సాక్షులు. ఇద్దరు నమ్మకస్తుల ముందు లెక్కపెట్టండి, ఫొటో తీయండి, దొరికిన చోటు, వేళ రాసుకోండి. బస్సులో దొరికితే కండక్టరుకు చెప్పి డిపోలో అప్పగించండి. పెద్ద మొత్తమైతే పోలీసులకిచ్చి, రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. ఎంత దొరికిందో నలుగురిలో చెప్పకండి. వచ్చినవాడినే పర్సు రంగు, నోట్ల రకం, లోపలున్న కాగితాలు అడగండి. మన ప్రాంతంలో ఇంకొక జాగ్రత్త కావాలి: పోగొట్టుకున్న మనిషి పక్క రాష్ట్రంవాడు కావచ్చు. చీటీ అంటిస్తే కన్నడంలోనూ తెలుగులోనూ రాయండి.

ఫోన్లోకి పొరపాటున వచ్చిపడే డబ్బుకూ ఇదే ధర్మం. పొరపాటుగా అందిన సొమ్మును తిరిగి ఇచ్చి తీరాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను చెబుతుంది. అయితే పొరపాటున పంపాను, వెనక్కి వేయండి అని ఫోన్ చేసేవాళ్లలో మోసగాళ్లూ ఉన్నారు. డబ్బు నిజంగా వచ్చిందో లేదో ఖాతాలో చూసుకోండి. వచ్చి ఉంటే మీ బ్యాంకుకు తెలిపి, వాళ్ల ద్వారానే వెనక్కి పంపించండి. ఏటీఎంలో ఎవరో మరిచిపోయిన నోట్లు కనిపిస్తే, ఆ వేళ రాసుకుని ఆ బ్యాంకు శాఖలోనే ఇవ్వండి.

మనుషులు అవకాశం దొరికితే మింగేస్తారన్న నిరాశ కూడా సరికాదు. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కోసం భారత్ సహా 40 దేశాల్లో, 355 నగరాల్లో 17,000కు పైగా పర్సులను, దారిలో దొరికాయంటూ బ్యాంకులు, హోటళ్లు, ఆఫీసుల్లో ఉద్యోగులకు అప్పగించి చూశారు. డబ్బు లేని పర్సుల విషయంలో సుమారు 40 శాతం మంది యజమానిని సంప్రదిస్తే, డబ్బున్న పర్సుల విషయంలో 51 శాతం మంది సంప్రదించారు. డబ్బు ఎక్కువైతే ఆశ గెలుస్తుందనుకున్న లెక్క తప్పింది. ఎదుటివాడికి జరిగే నష్టం, తనను తాను దొంగగా చూసుకోలేని మనసు, ఈ రెండే అందుకు కారణమని పరిశోధకులు తేల్చారు.

ఆ మనసు మన ఊళ్లోనూ ఉంది. దానికి ఒక దారి కావాలి, అంతే. బాగేపల్లి బస్టాండులో, టోల్‌గేటు దగ్గర, చింతామణి మండీలో దొరికిన వస్తువులు అప్పగించడానికి ఒక బల్ల, ఒక నమోదు పుస్తకం, కన్నడ తెలుగు లిపుల్లో ఒక బోర్డు ఉండేలా చూడమని పురసభనూ రవాణా సంస్థనూ అడుగుదాం. అందాకా పర్సు కంటబడ్డ ప్రతి ఒక్కరూ దాన్ని యజమాని వచ్చేదాకా మన దగ్గర దాచిన సొమ్ముగానే చూడాలని నా విన్నపం.