థాడియస్ స్టీవెన్స్: న్యాయస్థానం నుంచి శాసనసభకు

అమెరికాలో ఇల్లు కొనదలచిన తెలుగు కుటుంబం ముందుగా విచారించేది ఆ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాల గురించి. పిల్లలున్నవారూ లేనివారూ పన్ను కట్టి అందరి పిల్లలనూ చదివించడం నేడు సహజమైన ఏర్పాటుగా కనిపిస్తుంది. 1835లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈ ఏర్పాటు పుట్టిన ఏడాదికే రద్దయ్యే స్థితికి వచ్చింది. దాన్ని నిలబెట్టడంలో ముఖ్యపాత్ర వహించినవాడు గెట్టీస్‌బర్గ్ న్యాయవాది థాడియస్ స్టీవెన్స్.

స్టీవెన్స్ 1792లో వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. నేడు పసితనంలోనే పిండికట్లతో చాలావరకు సరిచేయగల ఈ లోపానికి ఆనాడు అటువంటి చికిత్స లేదు. ఆయన జీవితాంతం కుంటుతూనే నడిచాడు. తండ్రి కుటుంబాన్ని వదిలిపోగా తల్లి శ్రమించి పిల్లలను పెంచింది. ఆమె పట్టుదల వల్లనే ఆయన డార్ట్‌మత్ కళాశాలలో 1814లో పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1816లో గెట్టీస్‌బర్గ్‌లో న్యాయవాద వృత్తి ప్రారంభించాడు.

ఆ వృత్తిలో ఆయన సాధించిన ఒక విజయం తలచుకోదగినది కాదు. పెన్సిల్వేనియా 1780లో చేసిన చట్టం ప్రకారం, ఇతర రాష్ట్రపు యజమాని తన బానిసను అక్కడికి తెచ్చి ఆరునెలలకు మించి ఉంచితే ఆ బానిసకు విముక్తి లభిస్తుంది. మేరీలాండ్ నుంచి వచ్చిన చారిటీ బట్లర్ అనే స్త్రీ ఈ చట్టాన్ని ఆధారం చేసుకుని స్వేచ్ఛ కోరింది. స్టీవెన్స్ యజమాని పక్షాన వాదించాడు. విడివిడిగా గడిపిన రోజులను కలిపి లెక్కించరాదని 1821లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. స్టీవెన్స్ గెలిచాడు, చారిటీకి, ఆమె పిల్లలకు బానిసత్వమే మిగిలింది. తర్వాతి కాలంలో ఆయన పారిపోయి వచ్చిన బానిసల పక్షాన న్యాయస్థానాల్లో నిలబడ్డాడు. అయినా ఆ తీర్పు ఆయన జీవితచరిత్ర నుంచి చెరిగిపోలేదు.

1833లో ఆయన రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడాది ఉచిత పాఠశాలల చట్టం వచ్చింది. అంతకుముందు 1809 నాటి చట్టం పేదపిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో చదువు చెప్పించేది. అయితే తాము పేదలమని తల్లిదండ్రులు బహిరంగంగా నమోదు చేసుకోవాలి. ఆ అవమానానికి వెనుకాడి చాలామంది పిల్లలను బడికే పంపలేదు. కొత్త చట్టం ఈ తేడాను తొలగించింది, కాని పన్ను భారం తెచ్చింది. తమ మతసంఘాల బడులను తామే పోషించుకుంటున్న జర్మన్ భాషీయులు రెండుసార్లు చెల్లించాల్సి వస్తోందనీ, తమ భాష దెబ్బతింటుందనీ భయపడ్డారు. సెనేట్ రద్దుకు ఓటు వేసింది.

1835 ఏప్రిల్ 11న స్టీవెన్స్ ప్రతినిధుల సభలో ప్రసంగించాడు. రద్దు బిల్లు చేసే పని పేదల మీద ముద్ర వేయడమేనని ఎత్తిపొడిచాడు. సొంత పిల్లలు లేనివాడు కూడా చెరసాలల ఖర్చు భరిస్తున్నప్పుడు, నేరాన్ని నివారించే చదువుకు ఎందుకు చెల్లించడని వాదించాడు. చట్టాన్ని ప్రోత్సహించిన గవర్నర్ జార్జ్ వుల్ఫ్ ఆయనకు రాజకీయ ప్రత్యర్థి. అయినా ఆ విధానాన్ని సమర్థించాడు. సభ రద్దును తిరస్కరించింది. ఆ ఏడాది ఎన్నికలలో వుల్ఫ్ ఓడిపోయాడు, బడులు మాత్రం మిగిలాయి.

ప్రతి పోరాటమూ ఇలా ముగియలేదు. 1837-38లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించడానికి సమావేశమైన సభ ఓటుహక్కును శ్వేతజాతి పురుషులకే పరిమితం చేసింది. సభ్యుడైన స్టీవెన్స్ ఆ పత్రంపై సంతకం చేయడానికి నిరాకరించాడు. ఆ నిరాకరణ వల్ల నల్లజాతివారికి ఓటు దక్కలేదు. ఇరవై ఏళ్లు తిరగకముందే బానిస యజమాని కోసం వాదించిన న్యాయవాది, మెజారిటీకి ఎదురు నిలిచిన శాసనకర్తగా మారాడన్నది మాత్రం స్పష్టమయింది.

1842లో ఆయన లాంకాస్టర్‌కు మకాం మార్చాడు. 1851లో క్రిస్టియానాలో పారిపోయిన బానిసలను పట్టుకోబోయిన యజమాని మరణించగా, దేశద్రోహ నేరం మోపబడిన కాస్ట్‌నర్ హాన్‌వే తరఫు న్యాయవాదులలో ఆయన ఒకడు. జ్యూరీ హాన్‌వేను నిర్దోషిగా తేల్చింది. తర్వాత జాతీయ కాంగ్రెస్‌లో అగ్రనాయకుడిగా, అమెరికా గడ్డపై పుట్టినవారి పౌరసత్వాన్నీ చట్టం ముందు సమానరక్షణనూ రాజ్యాంగంలో చేర్చిన పద్నాలుగవ సవరణ కోసం కృషిచేశాడు. తాను కోరినంత రాకపోయినా, తాను బతుకుతున్నది మనుషుల మధ్యనే గాని దేవతల మధ్య కాదంటూ దానికి ఓటు వేశాడు. వలస వచ్చిన తెలుగువారి సంతానానికి పుట్టుకతో పౌరసత్వం సంక్రమించిందంటే దానికి ఆధారం ఆ సవరణే.

అది ఆమోదం పొందిన కొద్ది వారాలకు, 1868 ఆగస్టు 11న ఆయన మరణించాడు. ఇతర శ్మశానవాటికలు జాతిభేదం పాటిస్తున్నందున, అన్ని జాతులవారినీ అనుమతించే చిన్న వాటికను లాంకాస్టర్‌లో ముందే ఎంచుకున్నాడు. ఆ కారణాన్నే సమాధి ఫలకంపై చెక్కించాడు.

చట్టం ఉన్నదున్నట్టుగా అమలైతే చారిటీ బట్లర్ వంటివారు ఓడిపోతారు. అటువంటివారికి కావలసింది నేర్పరి న్యాయవాది ఒక్కడే కాదు, మెరుగైన చట్టం కూడా. స్టీవెన్స్ శాసనసభా జీవితం చెప్పేది ఇదే.