వార్తల్లో పదం: శుక్లం

కంటిలోని సహజ కటకం మసకబారడమే శుక్లం. చుక్కల మందుతోనో ఆకు పసరుతోనో అది కరగదు. ఆ కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చాల్సిందే. తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ శిబిరాలు 2018లో, 2023లో ఊరూరా జరిగినా, ‘ముదిరాకే ఆపరేషన్’ అన్న నమ్మకం ఇంకా వినిపిస్తూనే ఉంది. కుట్లు వేసి, దళసరి అద్దాలు ఇచ్చిన రోజుల్లో ఆగడానికి అర్థముండేది. ఇప్పుడు ఫేకో పద్ధతిలో మూడు మిల్లీమీటర్ల లోపు కోతలోంచి అల్ట్రాసౌండ్‌తో కటకాన్ని ముక్కలుచేసి పీల్చేస్తారు. ఖాళీ అయిన పొరసంచిలో మడత కటకం విచ్చుకుంటుంది. మరీ ముదిరితే కటకం గట్టిపడి ఈ పని కష్టమవుతుంది. ఉబ్బితే కంటి ఒత్తిడి పెరిగి చూపు శాశ్వతంగా పోవచ్చు కూడా.

‘అంత ఖరీదైన యంత్రం మాకెక్కడిది?’ అని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో అడగడం న్యాయమే. కానీ యంత్రం లేకుండా, కాస్త పెద్ద కోతతో, చాలావరకు కుట్లు లేకుండా చేసే ఎస్ఐసీఎస్ కూడా దాదాపు అంతే చూపునిస్తుంది. ముదిరిన శుక్లానికి చాలాసార్లు అదే మేలు. నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో ఎల్వీ ప్రసాద్ సంస్థ కంటి ఆసుపత్రి ఉంది. ఇక అమర్చే కటకం సంగతికొస్తే, దూరానికీ దగ్గరకూ పనికొచ్చే మల్టీఫోకల్ కటకాలకు ధర ఎక్కువ, రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. మామూలు మోనోఫోకల్ కటకానికి చదువుకునే అద్దాలు తోడైతే ఎక్కువమందికి చాలు. గద్వాల మగ్గం మీద జరీ పోగు తెలియనప్పుడు, బస్సు బోర్డు చదవలేనప్పుడు పరీక్ష చేయించుకోవాలి. శుక్లమే కారణమైతే, అది ముదిరేదాకా ఆగనక్కర్లేదు.